పాత ఫోర్ బై ఫోర్ అమ్మాలంటే ముందు బండి కిందకి దూరండి

పోయిన నెల మా ఫోర్ బై ఫోర్ (అవసరమైతే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) అమ్మేశాను. 19 ఏళ్ల బండి, అందులో 11 ఏళ్లు నా దగ్గరే ఉంది. డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, గేర్ రాడ్ పక్కన ఫోర్ వీల్ డ్రైవ్‌కి విడిగా ఇంకో చిన్న లివర్ ఉండే పాతకాలపు రకం. డీలర్‌కి ఇచ్చేస్తే ఒక్క పూటలో తేలిపోయేదే, కానీ ఆయన బండి ఏ సంవత్సరందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడిగి అక్కడికక్కడే రేటు చెప్పేశాడు, కనీసం వంగి కిందకి చూడలేదు. మామూలు కారుకైతే అలా చెప్పినా చెల్లుతుందేమో. ఫోర్ బై ఫోర్ విలువంతా కిందే ఉంటుంది కదా. నాకు మనసొప్పక నేనే అమ్ముకుంటానని వచ్చేశాను, ఏడు వారాలు పట్టింది.

అమ్మకానికి పెట్టే ముందు నేను చేసిన మంచి పని ఒక్కటే, ఒక ఆదివారం మొత్తం పాత దుప్పటి పరుచుకుని టార్చ్ లైటు పట్టుకుని బండి కింద పడుకున్నాను. చాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) పొడుగునా చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాను. గట్టి ఇనుము టంగుమని మోగుతుంది, లోపల తుప్పు తిన్న చోట మొద్దుగా, తడిసిన చెక్కని కొట్టినట్టు వినిపిస్తుంది. వెనక ఎడమ చక్రం దగ్గర అలాంటి శబ్దమే వచ్చింది. చాసిస్ గొట్టంలా లోపల ఖాళీగా ఉంటుంది కాబట్టి బురదలో తిరిగినప్పుడు ఆ మట్టి రంధ్రాల్లోంచి లోపలికి పోయి అక్కడే తడిగా కూర్చుంటుంది, పైన ఎంత వాటర్ వాష్ చేయించినా అది కదలదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. నిజంగా బాధేసింది, ఎందుకంటే నేను బండిని బాగానే చూసుకున్నానని అనుకునేవాణ్ణి.

తెలిసినవాళ్లు కొందరు కింద మొత్తం నల్ల రంగు కొట్టించెయ్, కొత్తదానిలా ఉంటుంది అన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పాత బండికి కింద తాజా రంగు కనిపిస్తే విషయం తెలిసినవాడికి మొదట వచ్చేది అనుమానమే, తెలియనివాడికైతే మనం తుప్పు దాచి అంటగట్టినట్టే. చాసిస్ విరిగితే అది ప్రాణాల మీదకి వచ్చే విషయం. నేను తుప్పు చోటు కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేయించి, ముందూ తర్వాతా ఫోటోలు తీసి, ప్రకటనలో మొదటి ఫోటో పక్కనే అవి పెట్టాను.

ఆ తర్వాత డిఫరెన్షియల్ ఆయిల్. డిఫరెన్షియల్ అంటే మలుపులో చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె. ముందుదీ వెనకదీ రెండూ విప్పి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం. ఇది ఎలా జరుగుతుందో నాకు చాలా ఏళ్లు తెలియదు: బాగా తిరిగి వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా వాగులో చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల) దగ్గర్నుంచి నీళ్లని లోపలికి లాగేస్తుంది. అలా లాగకుండా ఉండడానికే బ్రీదర్ అని సన్నటి గొట్టం ఒకటి పైకి ఉంటుంది, అది మట్టితో మూసుకుపోయినా, ఊడిపోయినా ఇక అంతే. మాది ముందు వైపు బాగుంది, వెనక కొంచెం తెల్లబడింది. ఆయిల్ మార్చి, సీల్ వేయించి, బిల్లు ఫైల్లో పెట్టాను.

ఫైలు అన్నాను కదా, అది మాత్రం బంగారం. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు, క్లచ్ ప్లేట్ల బిల్లు, ఏ కిలోమీటర్ల దగ్గర ఏ ఆయిల్ పోశామో రాసుకున్న నోట్‌బుక్కు, అన్నీ తారీఖుల వరసలో పెట్టి వచ్చినవాళ్ల చేతికిచ్చేవాణ్ణి. ఒక చిన్న విషయం, కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేసి తిరిగి ఉంటే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, చక్రం ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి. నేను మూడేళ్లు అలా తిరిగాను. అది కూడా ముందే చెప్పాను, ఎవరూ దానివల్ల వెనక్కి పోలేదు.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. వాళ్లు వచ్చేముందు ఇంజిన్ వేడి చేసి పెట్టకండి. చల్లటి ఇంజిన్ సెల్ఫ్ ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో వాళ్లని చూడనివ్వండి. పొగ నీలంగా అదే పనిగా వస్తుంటే ఆయిల్ మండుతోందని పాత డీజిల్ నడిపిన ఎవరికైనా తెలుసు, వేడి చేసి దాచినా కొన్న మర్నాడు పొద్దున్నే బయటపడుతుంది.

టెస్ట్ డ్రైవ్ దగ్గర నాకు బాగా టెన్షన్ పెట్టినవాడు ఒక కుర్రాడు. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పబోయాడు. నేను గట్టిగా ఆపమన్నాను. ఇలాంటి పాత బళ్లలో మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనకవి తిరిగే దూరం వేరు, మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారలేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందూ వెనకా చక్రాలకి పంచే గేర్ల పెట్టె) మీద పడుతుంది. తెలియక చేశాడు పాపం. అప్పట్నుంచి ఎవరొచ్చినా నేనే ముందు ఒక మట్టి మైదానానికి తీసుకెళ్లి, బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, లో రేంజ్‌లో (వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే గేర్లు) వేసి చూపించి అప్పుడు తాళం ఇచ్చేవాణ్ణి. లైసెన్స్ చూసి, పక్క సీట్లో నేను కూర్చుని. పగటిపూటే రమ్మనేవాణ్ణి.

బండిని చూడకుండానే కొనేస్తాను, డబ్బు కాస్త ఎక్కువే పంపుతాను, మిగతాది ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి మీరే ఇచ్చెయ్యండి అని ఇద్దరు మెసేజ్ పెట్టారు. ఇది మోసం, జవాబు కూడా ఇవ్వకండి. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించినా మీ బ్యాంకు ఖాతా మీరు తెరిచి జమ అయిందని కళ్లారా చూసుకున్నాకే తాళం చేతులు మారాలి.

చివరికి కొన్నాయన వయసు యాభై దాటి ఉంటుంది. వచ్చీ రాగానే బానెట్ ఎత్తమనలేదు, చొక్కా మడిచి నేరుగా కిందకి దూరాడు. ప్రొపెల్లర్ షాఫ్టు (చక్రాల వైపు ఇంజిన్ బలం మోసుకెళ్లే పొడుగాటి కడ్డీ) చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి క్రాసుల్లో, అంటే దాని కీళ్లలో, వదులు ఉందేమో చూశాడు, తర్వాత గ్రీజు అంటిన వేళ్లు తుడుచుకుంటూ అడిగాడు: "నీళ్లలోకి దించారాండీ ఎప్పుడన్నా?"

"దించాను సార్, రెండుసార్లు. వెనక డిఫరెన్షియల్లోకి నీళ్లు పోయాయి, సీల్ మార్పించాను."

"వెల్డింగ్ ఫోటోలు చూశానండీ. అవి పెట్టారనే ఇంత దూరం వచ్చాను."

బేరం మాత్రం చాలాసేపు నడిచింది. వెల్డింగ్ చేసిన చాసిస్ కాబట్టి తగ్గించమన్నాడు, అది న్యాయమే అనిపించి తగ్గించాను. వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియర్ పెట్టుకున్న ఖర్చు నేను అడగలేదు, అలాంటి వాటికి పెట్టినంతా ఎవరూ ఇవ్వరు, విడిగా అమ్ముకుంటే నయం. కాగితం మీద తారీఖుతో పాటు టైమ్ కూడా రాసుకున్నాం, ఆ నిమిషం తర్వాత పడే ఫైన్లు, జరిగే యాక్సిడెంట్లు ఎవరి బాధ్యతో తేలాలి కదా. పేరు మార్పిడి కాగితాలు ఇద్దరం వెళ్లి ఆ రోజే ఇచ్చాం, ఆయన చేస్తాడులే అని వదిలేస్తే నెలల తరబడి బండి మన పేరు మీదే తిరుగుతుంది.

నెలకోసారైనా మట్టి రోడ్డు మీద కాసేపు ఫోర్ వీల్‌లో నడపమని, లేకపోతే లివర్ బిగుసుకుపోతుందని చెప్పి తాళాలు ఇచ్చాను. ఆయన వెళ్లిపోయాక రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది, జాకీ రాడ్డు వెనక సీటు కింద బిగించి ఉంటుంది, అది మామూలుగా వెతికితే దొరకదు. లేచి ఫోన్ చేశాను. "సీటు ఎడమ పక్క ఒక చిన్న గుబ్బ ఉంటుందండీ, దాన్ని పైకి లాగండి" అన్నాను. ఆయన అప్పటికీ బండి దగ్గరే ఉన్నట్టున్నాడు, ఫోన్లో డోరు తీసిన చప్పుడు వినిపించింది, మా వెనక డోరు ఎప్పుడూ చేసే ఆ కిర్రుమనే చప్పుడే.