‘అద్వేష్టా’ అని పలికిన రోజు

మార్గశిర శుద్ధ ఏకాదశి, గీతా జయంతి. నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం పది పన్నెండు మంది పార్కింగ్ స్థలంలో జంపఖానాలు పరుచుకొని గీతలో పన్నెండో అధ్యాయం, భక్తియోగం పారాయణ చేశాం. ఉన్నవి 20 శ్లోకాలే కనుక తొందరగానే అయిపోతుంది. నేను మాత్రం 13వ శ్లోకం దగ్గర ఆగిపోయాను.

“అద్వేష్టా సర్వభూతానాం మైత్రః కరుణ ఏవ చ
నిర్మమో నిరహంకారః సమదుఃఖసుఖః క్షమీ”

నా ముందు వరుసలో మా పై వాటా ఆవిడ కూర్చున్నారు. ఆవిడ తులసికోటలో పోసిన నీళ్ళు మట్టితో సహా మా దండెం మీద పడటం, నేను వెళ్ళి అడగటం, ఆవిడ తలుపు వేసుకోవటం రెండేళ్ళ కిందటి మాట. అప్పటి నుంచి లిఫ్టులో ఎదురుపడితే ఇద్దరం అంతస్తుల అంకెలకేసి చూస్తూ నిలబడతాం. నోరు ‘అద్వేష్టా’ అంటోంది, అంటే ఏ ప్రాణినీ ద్వేషించనివాడు. కళ్ళు ఆవిడ జడలోని చామంతి మీద ఉన్నాయి. గొంతు పెగల్లేదు.

తెలుగులో ఈ భావానికి మాటల కరువు లేదు. గిట్టదు, పడదు అన్నంతవరకు ఫరవాలేదు, పక్కకు తప్పుకుంటే సరిపోతుంది. రోత, ఏవగింపు పుడితే మొహం తిప్పుకుంటాం. పగ అదను కోసం కాచుకుంటుంది. ద్వేషానికి అదనుతో పని లేదు, ఎదుట మనిషి లేకపోయినా లోపల కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. ‘దుఃఖానుశయీ ద్వేషః’ అన్నారు యోగసూత్రాల్లో పతంజలి. ఎప్పుడో పడిన బాధను అంటిపెట్టుకొని ఉండేదట. సంస్కృత ధాతువులకు అర్థాలు చెప్పే ధాతుపాఠం, ద్వేషం అనే మాటకు మూలమైన ద్విష్ ధాతువుకు ఇచ్చిన అర్థం ఇంకా చిన్నది: ‘అప్రీతౌ’, ప్రీతి లేకపోవటం. ఇంత మంటకు ఇంతేనా అర్థం అనిపించింది. తరువాతి శ్లోకం చివర “యో మద్భక్తః స మే ప్రియః” అంటాడు స్వామి. ప్రియం, ప్రీతి ఒకే ధాతువు బిడ్డలు. తనకు ప్రియమైనవాడు ఎవరో చెప్పబోతూ అప్రీతిని మొట్టమొదట తీసేశాడు. స్నేహం, కరుణ ఆ తరువాతే వచ్చాయి.

రోజూ వాడే మాట ఇంకొకటి ఉంది, అసహ్యం. “ఆవిడంటే నాకు అసహ్యం” అని మా వారితో ఎన్నిసార్లు అన్నానో! సహ్యం కానిది అసహ్యం, అంటే ఓర్వలేనిది. ఆవిడ ఎలాంటివారో ఆ మాటలో లేనే లేదు. నా ఓర్పు ఎక్కడ అయిపోయిందో ఉంది. శ్లోకం చివరి మాట ‘క్షమీ’, ఓర్చుకునేవాడు. అద్వేష్టాతో ఎత్తుకొని క్షమీతో దించటం ఊరికే జరిగిందనుకోను. ఆ రెండింటి నడుమ ‘నిర్మమః’ కూడా ఉంది, ‘నాది’ అనేది లేనివాడు. నా దండెం, నా చీర!

వైరంతో శిశుపాలుడు కూడా హరిని చేరాడని పోతన భాగవతంలో నారదుడు ధర్మరాజుకు చెబుతాడు కదా, ద్వేషమూ ఒక దారే కదా అని పారాయణలో ఒకరు అడిగారు. నిజమే. తిడుతూ కూడా శిశుపాలుడు తలచుకున్నది హరినే. రెండేళ్ళుగా నేను తలచుకున్నది నాలుగు చుక్కల మట్టినీళ్ళను.

మర్నాడు పొద్దున మళ్ళీ నీళ్ళు పడ్డాయి. గోడ వెంట సన్నని ధార, దానితో కొట్టుకొచ్చిన ఒక తులసి దళం చీర అంచుకు అతుక్కుంది. కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. దళాన్ని తీసి కళ్ళకద్దుకొని, చీరను బారెడు పక్కకు జరిపాను. అవి తులసమ్మకు పోసిన నీళ్ళని రెండేళ్ళలో ఒక్కసారైనా నాకు తోచలేదు.

సాయంత్రం లిఫ్టులో ఆవిడే ఉన్నారు. “తులసి బాగా పెరిగిందా అండీ?” అని అడిగాను. ఆవిడ అంకెల మీద నుంచి చూపు తిప్పి, “ఆఁ” అన్నారు. తలుపు తెరుచుకుంది.