ఆక్సిజన్ ఎంత దూరం పోతుంది?

మా ఊళ్ళో నా ఉద్యోగం గురించి సరైన ప్రశ్న అడిగేది మా బాబాయి ఒక్కరే. మిగతావాళ్ళకి అమెరికా అంటే సాఫ్ట్‌వేరు, కాదంటే డాక్టరు. పోస్ట్‌డాక్‌నని, అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో చేసే పరిశోధన ఉద్యోగమని చెబితే అదేదో డాక్టరయ్యాక చదివే పై చదువనుకుని "ఇంకా ఎన్నాళ్ళే అమ్మా ఆ చదువు" అని జాలిపడతారు. పెళ్ళిచూపుల వాళ్ళకైతే ఆ జాలి కూడా ఉండదు, జీతం అడిగి కాఫీ తాగి లేచిపోతారు. బాబాయి అలా కాదు. ఫోనెత్తగానే "ఏమ్మా, మీ ఉండల్లో డీఓ ఎంతుంది ఇయ్యాల?" అంటారు.

వేళాకోళం కాదండీ. డీఓ అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. కాళ్ళ మండలంలో ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, సొంతానివి తక్కువ, లీజువి ఎక్కువ. ఆయన నిద్రంతా ఆ రెండక్షరాల చేతిలో ఉంటుంది. బోస్టన్‌లో నేను పనిచేసే ల్యాబులో చూసేదీ అదే. కాకపోతే మా చెరువు సూది మొన మీద పట్టేంత ఉంటుంది. క్యాన్సర్ కణాలని ఉండలుగా పెంచి, ఆ ఉండ లోపలికి ఆక్సిజన్ ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో కొలుస్తాం.

ఆయన ఫోన్ చేసేది తెల్లారుగట్ల నాలుగింటికి. నాకప్పుడు ముందురోజు సాయంత్రం ఆరున్నర, చలికాలమైతే ఐదున్నర. పగలంతా ఎండకి చెరువులో ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే కంటికి ఆనని నాచులాంటి జీవులు, ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకాక ఆ తయారీ ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. రొయ్యలు, అడుగు బురదలో బ్యాక్టీరియా, పగలు పుణ్యం కట్టుకున్న ఆ ప్లాంక్టనే, అన్నీ కలిసి తెల్లారేలోపు ఉన్నదంతా లాగేస్తాయి. అందుకని ఆయన ఆ వేళకి గట్టు మీద నుంచి చెక్కబల్ల దాకా టార్చి వేసుకుని నడిచి, మీటరు వైరు నీళ్ళలోకి వదిలి, అంకె నిలబడేదాకా నాతో మాట్లాడుతుంటారు. వెనకాల నీళ్ళని చిలికే ఏరేటర్ల హోరు. మధ్యలో "నాలుగు పాయింట్ ఒకటి... నాలుగు... మూడు తొమ్మిది, ఆగు" అని ఫోను జేబులో పడేస్తారు. తరవాత నాకు వినపడేది ఇంకో ఏరేటరు స్టార్టయిన చప్పుడు, ఎవర్నో కేకలేస్తున్న గొంతు. లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ఆయనకి నిలకడ ఉండదు.

నీళ్ళలో ఆక్సిజన్ ఎంత తక్కువో చాలామందికి తెలీదు. లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళు మహా అయితే ఏడున్నర పట్టుకుంటాయి, ఉప్పు కలిస్తే ఇంకా తక్కువ. అదైనా వేడి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది, రొయ్యకి ఆకలేమో వేడితో పాటు పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు మనుషులు ఎందుకంత చిరాగ్గా ఉంటారో ఈ లెక్కలోనే ఉంది.

మా గుంపులో థియరీ మనిషి ఇటలీ నుంచి వచ్చాడు. పిపెట్ (ద్రవాన్ని పీల్చి పోసే గొట్టం) పట్టుకోడు, పట్టుకోమన్నా పట్టుకోడు. నేను చేరిన కొత్తలో బోర్డు మీద ఒక చిన్న లెక్క వేసి చూపించాడు. కదలని నీళ్ళలో ఆక్సిజన్ తనంతట తాను పాకుతూ పోవాలంటే, దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగింతలవుతుంది. ఒక కణం దాటడానికి సెకనులో చిన్న ముక్క చాలు. ఒక మిల్లీమీటరుకి నాలుగు నిమిషాలు. ఒక మీటరుకి? నేను రెండు మూడు గంటలు అనుకున్నాను. ఎనిమిదేళ్ళ దాకా వచ్చింది. బోర్డు మీద సున్నాలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. చెరువు లోతు దాదాపు మీటరున్నర. అంటే పైన ఆకాశమంత గాలి ఉన్నా అడుగునున్న రొయ్యకి దానివల్ల ఒరిగేదేమీ లేదు, నీళ్ళని ఎవరో ఒకరు కలపాలి. ఏరేటరు అంటే గాలిని కొట్టే మిషను అనుకునేదాన్ని. దాని పని సగం కలపడమే. ఈ మాట బాబాయికి చెబితే "ఎనిమిదేళ్ళు సరే గానీ, కరెంటు పోతే ఎంతసేపు టైముంటదో చెప్పమను మీ వాణ్ణి" అన్నారు.

అది మంచి ప్రశ్న. దాని సంగతి తరవాత.

ఉండలెందుకు పెంచుతామంటే, ఒంట్లో గడ్డ కూడా అలాగే ఉంటుంది కాబట్టి. రక్తనాళం నుంచి ఆక్సిజన్ కండలోకి ఎంత దూరం పాకుతుందో డెన్మార్క్‌లో ఆగస్ట్ క్రోగ్ 1919లోనే లెక్క కట్టాడు. 1955లో బ్రిటన్‌లో థామ్లిన్సన్, గ్రే అనే ఇద్దరు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూస్తే, బతికున్న కణాల అంచు ఎక్కడా 180 మైక్రాన్ల మందం దాటలేదు. అంటే మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేదు. దాని వెనకంతా చచ్చిన కణాలు. చావుకీ బతుక్కీ మధ్య ఆక్సిజన్ అందీ అందకుండా మిణుకుమంటున్నవే అసలు చిక్కు. వాటిని చంపాలంటే రేడియేషన్ రెండున్నర, మూడు రెట్లు కావాలి. రోగికి అంత ఇవ్వలేరు. మేం చూసేది ఆ సరిహద్దు కణాలనే.

చూడ్డానికి రంగు కావాలి, అది కెమిస్ట్ పని. డిగ్రీలో మేం డీఓ కొలిచింది వింక్లర్ పద్ధతిలో, అది 1888 నాటిది. సీసాలో మాంగనీసు, అయొడైడు పోస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది, యాసిడ్ పోస్తే కరుగుతుంది, పిండి వేస్తే నీలం, థయోసల్ఫేట్ బొట్టుబొట్టుగా వదిలితే ఆ నీలం ఠక్కున పోతుంది. అందమైన ప్రయోగం, కానీ సీసాడు నీళ్ళు కావాలి. మైక్రాన్లలో కొలవాలంటే కుదరదు. మా కెమిస్ట్ తయారుచేసే రంగులో ప్లాటినం ఉంటుంది. దాని మీద వెలుతురు కొడితే కాసేపు ఎర్రగా మెరుస్తుంది, ఆక్సిజన్ తగిలితే ఆ మెరుపు తొందరగా ఆరిపోతుంది. ఎంత తొందరగా ఆరిందో చూస్తే ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది. స్టెర్న్, ఫోల్మర్ ఈ లెక్క రాసిందీ 1919లోనే. బాబాయి చేతిలో ఉన్న కొత్తరకం మీటరు కొసన నల్లటి టోపీ ఉంటుంది చూశారా, అందులో ఉన్నదీ ఇదే జాతి రంగు. ఆ టోపీ మార్చమని షాపువాడు చెప్పిన ధర విని ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, మా కెమిస్ట్ ఒక గ్రాము రంగుకి పడే పాట్లు చూశాక నాకు షాపువాడి మీద కోపం కొంత తగ్గింది.

ఇక నేను. బయాలజీ నాది, అంటే మేపడం నాది. 37 డిగ్రీల పెట్టెలో ఉండలుంటాయి, రెండు మూడు రోజులకోసారి పాత మీడియం, అంటే కణాలకి మేతగా పోసే ద్రవం, తీసి కొత్తది పోయాలి. గులాబీరంగు ద్రవం పసుపు తిరిగిందంటే ఆలస్యమైనట్టే. ఉండలు పెరిగే పళ్ళెంలో గుంటలుంటాయి, ఒక్కో గుంట అడుగు గుండ్రంగా ఉంటుంది, ఉండ సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. పళ్ళాన్ని కాస్త వంచి, పిపెట్ కొసని గోడకి ఆనించి, పైపైన లాగాలి. అంతా లాగేద్దామని ఆశపడితే ఉండ కూడా టిప్పులోకి వచ్చేస్తుంది, రెండు వారాల పెంపకం పోతుంది. అందుకే కొంచెం పాత నీళ్ళు ఉంచేసి కొత్తవి పోస్తాం. బాబాయి చెరువు నీళ్ళు మార్చేదీ అలాగే, ఒక్కసారి మొత్తం మార్చరు. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. భీమవరం పరిసరాలన్నీ కోడిపందేల బరుల్లో ఉన్నరోజున నేను మోకాళ్ళ లోతు మంచులో నడిచి వచ్చి ఉండలకి మేత పెట్టి వెళ్ళాను. దీన్ని త్యాగమని ఎవరూ అనరు, అనక్కర్లేదు కూడా. పశువులున్న ఇంట్లో అయినా అంతే కదా.

గ్రూప్ మీటింగులో ముగ్గురం మూడు పక్కలకి లాగేవాళ్ళం. థియరీ మనిషి గీతకీ నా కొలతకీ పొంతన కుదరలేదు. నడిమధ్యలో ఆక్సిజన్ ఇంత ఉండాలని అతని లెక్క, నాకేమో ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. రంగు సరిగ్గా లోపలికి పోలేదని ఒకరు, కణాలు సరిగ్గా పెరగలేదని ఒకరు. మర్యాదగానే అంటారు, కానీ ఆ మర్యాద చివర వేలు బయాలజీ వైపే చూపిస్తుంది. ఫిజిక్సు వాళ్ళకి బయాలజీ అంటే లెక్క కుదరనప్పుడు చెప్పుకునే సాకు అని నా అనుమానం.

అతని లెక్కలో కాలం లేదు. అంతా నిలకడ మీదికి వచ్చేసిందనుకుని వేసిన లెక్క అది. చెరువుల దగ్గర పెరిగినవాళ్ళెవరికైనా అది మింగుడుపడదు. సగటు డీఓ అడిగితే బాబాయి నవ్వుతారు. సగటున ఆరున్నా తెల్లారుగట్ల రెండైతే పంట పోయినట్టే. "మేత ఎక్కువైన రాత్రి దబ్బున పడుద్ది, మబ్బేసిన మర్నాడు ఇంకా పడుద్ది" అని ఆయన నోట చిన్నప్పటి నుంచి విన్నమాట. రొయ్య తిన్న తరవాత అరిగించుకోవడానికి ఎక్కువ ఆక్సిజన్ పీలుస్తుంది. మరి మా ఉండలు? మేత పోసి ఎంతసేపయ్యాక కొలుస్తున్నానో అంతవరకూ ఎవరూ అడగలేదు. మీటింగులో అదే అన్నాను. తరవాత గంట గంటకీ కొలుస్తూ ఒక రాత్రంతా కూర్చున్నాను. కొత్త మీడియం తనతో పాటు ఆక్సిజన్ తెస్తుంది కాబట్టి ముందు కాస్త పెరిగింది, ఆ తరవాత ఉండ నడుమ మునుపటి కన్నా కిందకి జారింది, తెల్లారేసరికి మళ్ళీ మెల్లగా పైకొచ్చింది. ఎక్కువ వచ్చిన రోజూ తక్కువ వచ్చిన రోజూ, రెండూ నిజమే. ఇటలీ మనిషి ఆ గీత చూసి తన సమీకరణంలోకి కాలాన్ని తెచ్చుకున్నాడు. దాని వల్ల అతనికి పని మూడింతలైంది, నాకు కాస్త తృప్తిగానే ఉంది.

బోస్టన్‌లో ఉండి, పైగా భీమవరం దాన్నయి ఉండి, ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. 1895లో మా భీమవరంలో పుట్టారు. కణం ఆక్సిజన్ పీల్చేదే ఏటీపీ, అంటే దానికి శక్తినిచ్చే పదార్థం, తయారు చేసుకోవడానికి. ఆ ఏటీపీని ఆయనా ఫిస్కే కలిసి 1929లో హార్వర్డ్‌లో గుర్తించారు, అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా. అంతకుముందు 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరి పేరుతో వచ్చింది, ఫాస్ఫేట్ ఉంటే నీలం రంగు తేలుతుంది. నేనూ చేశాను, సబ్బుతో కడిగిన గాజు వాడితే సబ్బులోని ఫాస్ఫేటే నీలమైపోతుంది, యాసిడ్‌తో కడగాలి. వచ్చిన కొత్తలో ఆయన ఆస్పత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగి పొట్టపోసుకున్నారు. హార్వర్డ్ పర్మనెంట్ చెయ్యలేదు, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందం తెచ్చిన మందుల్లో హెట్రజాన్ ఒకటి. మా వైపు బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. 1948లో న్యూయార్క్‌లో పోయారు, ఊరికి తిరిగి రాలేదు. మన ఊరివాడని చెప్పుకోవడం సులువే. ఫాస్ఫేట్ పద్ధతి ఏమిటో మా జూనియర్ కాలేజీలో ఒక్కరోజైనా చేయించి ఉంటే ఇంకా బాగుండేది.

జీతం సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, బోస్టన్ అద్దె కట్టాక మిగిలేది చూస్తే మా క్లాసులో సాఫ్ట్‌వేరుకి పోయినవాళ్ళు పార్టీ ఇస్తారు, నేను తింటాను. వీసా ల్యాబుతో ముడిపడి ఉంటుంది, ల్యాబు గ్రాంటుతో, అంటే పరిశోధనకి వచ్చే నిధులతో. గ్రాంటు ఆగితే అంతా ఆగినట్టే.

కరెంటు పోతే ఎంతసేపు అన్న ప్రశ్న మాత్రం మా ఇటలీ మనిషిని వదల్లేదు. ఊరెళ్ళినప్పుడు పది నిమిషాలకోసారి తనంతట తానే కొలిచి దాచుకునే మీటరొకటి తీసుకెళ్ళి బాబాయి చెరువులో కట్టాను. ఆ గీతలో అన్నీ కనపడ్డాయి. మధ్యాహ్నం మూడింటి శిఖరం, రాత్రి ఆఖరి మేత తరవాత వాలు, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పడిన గాడి. "ఇంత పెద్ద ఉండ నాకెవరూ చూపించలేదు" అన్నాడతను. రాత్రి ఆఖరి మేతని ఇంకాస్త ముందుగా వేస్తే తెల్లారుగట్ల పడే కొస ఎంత పైకొస్తుందో లెక్క కట్టాడు. నిజమో కాదో చూడాలంటే రెండు చెరువులు కావాలన్నాడు, ఒకదాంట్లో మేతవేళ మార్చాలి, రెండోది ఉన్నదున్నట్టు ఉంచాలి, తరవాత అటుదిటు చెయ్యాలి.

వీడియో కాల్‌లో ఇద్దరి మధ్యా నేను. బాబాయి అంతా విని, "బాగానే ఉంది. పంటలో నష్టమొస్తే ఆయన కడతాడా?" అన్నారు. అదే ఇంగ్లీషులో చెప్పాను. నవ్వాడు. పంటకి ఎంత ఖర్చవుతుందని అడిగాడు, చెప్పాక నవ్వడం మానేశాడు. మా ఉండలు పోతే చెత్తడబ్బాలో వేసి కొత్తవి మొదలెడతాం, అక్కడ పోతే మేత కొట్టువాడి అప్పు నెత్తిన కూర్చుంటుంది. ఈ తేడా ఏ సమీకరణంలోనూ లేదు. బాబాయే దిగొచ్చి ఒక బేరం పెట్టారు. చిన్న చెరువు ఒక్కటే, ఆఖరి మేత ఒక్కటే జరుపుతా, డీఓ నాలుగు తగ్గిన రాత్రి నా ఇష్టం. పోల్చి చూడ్డానికి మార్చని చెరువు, అంటే కంట్రోల్, లేకుండా ఒక్క చెరువుతో ఏమీ తేలదని అటునుంచి ఇతను. కంట్రోల్ అంటే ఏంటో వివరించేసరికి బాబాయి, "అదా, పక్క గట్టు ఆయన చెరువు మేత మార్చకుండా ఎలాగూ ఉంటది కదా, ఆయన్ని నేను ఒప్పిస్తాలే. మీటరు మాత్రం ఇంకోటి పంపించండి" అన్నారు. రెండు చెరువుల్లో రొయ్యపిల్ల ఒకరోజే వదల్లేదని, సైజు వేరని ఇతని గొణుగుడు ఇంకా ఆగలేదు. నేనైతే ఆ రెండో మీటరు ఖర్చు ఏ గ్రాంటు కింద రాయాలో మా బాస్‌ని అడగాలి, ఆయనింకా రొయ్యల సంగతి వినలేదు.