అమ్మను ఎవరూ అడగని ప్రశ్న

బుధవారం, రాత్రి 10 గంటలు.

ఈ రోజు చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి, నల్లా నీళ్లు పట్టి, వాకిలి ఊడ్చి, మూడు డబ్బాలు సర్ది, కాజీపేటలో బస్సెక్కి జీరో టికెట్టుతో హనుమకొండలోని మా కాలేజీకి చేరాను.

మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు, ఏడు నెలల బిడ్డ ఉన్న మా చిన్న లెక్చరరమ్మ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని మెల్లగా బయటపెట్టింది. వెంటనే ఒక పెద్ద సారు, స్త్రీవాదం ఆడవాళ్లను ఉద్యోగాలకు పంపడం వల్లనే వాళ్లకు సంతోషం కరువైందనీ, ఆ మాట అమెరికావాళ్లే తేల్చారనీ అన్నారు. ఆయన చెప్పిన పరిశోధన నేనూ చదివాను. బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వోల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించారు. 1970ల నుంచి అమెరికా స్త్రీలు తాము సంతోషంగా ఉన్నామని చెప్పడం తగ్గుతూ వచ్చిందన్నది నిజమే. అయితే ఆ తగ్గుదల ఉద్యోగం చేసేవారిలోనే కాక ఇంటిపట్టున ఉన్నవారిలోనూ, పిల్లలున్నవారిలోనే కాక లేనివారిలోనూ కనిపించిందని వారే రాశారు. ఉద్యోగమే మూలమైతే ఇల్లు విడిచి వెళ్లని ఇల్లాలి సంతోషం ఎందుకు తగ్గినట్టు? ఈ మాట సారును అడిగాను; ఆయన మజ్జిగ పోసుకున్నారు.

మన లెక్కలు ఇంకొంచెం సూటిగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీ దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషుడు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో అవి 299, 97. అంటే ఐదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గాయి గాని అవి మగవారి చేతికి పోలేదు. వారికీ తొమ్మిది తగ్గాయి! మనం బయటి పనికి వచ్చాం, లోపలి పని మాత్రం ఉన్నచోటనే ఉంది. అలసటకు కారణం అక్కడ వెతకాలని నా అభిప్రాయం.

అసలు ఆడవాళ్లను పనికి పంపింది స్త్రీవాదమే అనడం మా అమ్మ ముందు చెల్లదు. కోరుట్లలో కాపురం చేసినన్నాళ్లూ ఆమె ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ బీడీలు చుట్టింది. నా డిగ్రీ ఫీజు ఆ డబ్బే. సాయంత్రం చాయ్ ఇస్తూ, "అప్పట్ల నువ్వు సంతోషంగ ఉన్నవా అమ్మా?" అని అడిగితే పగలబడి నవ్వింది.

"గా ముచ్చట మమ్ముల నెవరడిగిండ్రు బిడ్డా? ఇయ్యాల ఎన్ని బీడీలైనయని అడిగిండ్రు గని."

అడగని కాలంలోని మౌనాన్ని సంతోషంగా లెక్కగట్టి, అడుగుతున్న కాలంలోని జవాబుతో పోల్చడం ఎంతవరకు న్యాయమో నాకు తెలియడం లేదు.

రాత్రి ఆ లెక్చరరమ్మ ఫోన్ చేసింది. మానేయవద్దని నేను చెప్పలేదు. బిడ్డతో ఇంట్లో ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటే అదీ ఆమె ఇష్టమే. అయితే మీ ఆయన కూడా మానేయాలా వద్దా అని ఎప్పుడైనా ఆలోచించాడా అని మాత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

రేపటి నుంచి నీళ్లు పట్టే పని మా అబ్బాయిది. సరేనన్నాడు. వాణ్ణి లేపడానికి అలారం మాత్రం నా ఫోనులోనే పెట్టుకున్నాను.