పదిమంది చూస్తుండగా

నర్సింగ్ చదివేవారికి పరీక్ష హాల్లో కన్నా వార్డులోనే ఎక్కువ భయం వేస్తుంది. హాల్లో తెలియనిది వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లవచ్చు. వార్డులో రోగి, ఆయన భార్య, పక్క మంచాలవాళ్లు, డ్యూటీ సిస్టర్, మన బ్యాచ్ అంతా మన చేతుల వైపే చూస్తుంటారు. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్‌లో చేరిన కొత్తలో ఆ చూపులకు నేను సగమైపోయాను.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియం. అనాటమీ పదాలను రాత్రిళ్లు కూర్చుని కంఠతా పట్టేదాన్ని. కానీ వార్డులో ఇంగ్లిషులో ప్రశ్న అడిగితే తెలిసిన జవాబుకు కూడా నోరు పెగిలేది కాదు. ఒకరోజు మా ఇన్‌స్ట్రక్టర్ రోగుల ముందే, "ఇంటర్‌లో నువ్వు చదివింది బైపీసీయేనా?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. మంచం మీది ముసలమ్మ "పోనీలే అమ్మా, చిన్నపిల్ల" అని నా తరఫున మాట్లాడేసరికి కన్నీళ్లు ఆగలేదు. విద్యార్థిని సరిదిద్దాలంటే పక్కకు పిలిచి చెప్పవచ్చు. రోగి ఎదుట చులకన చేస్తే, ఆ తర్వాత ఆ విద్యార్థి సూది పట్టుకుని వస్తే రోగికే భయం వేస్తుంది. ఈ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

నా మీద నాకు నమ్మకం లేదన్న సంగతి బీపీ చూసేటప్పుడు బాగా బయటపడేది. చేతికి కట్టిన పట్టీ (కఫ్) లోంచి గాలి వదులుతుంటే స్టెతస్కోపులో నాడి శబ్దం నిజంగానే వినిపించిందా, వినాలన్న ఆత్రంలో అలా అనిపించిందా? తల మీద ఫ్యాను, చుట్టూ మాటలు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు. రష్యన్ వైద్యుడు కొరోట్కాఫ్ 1905లో వివరించిన ఆ శబ్దాల ఐదు దశలూ నాకు నోటికి వచ్చు. వార్డులో మాత్రం నా గుండె చప్పుడే చెవుల్లో మోగేది.

హాస్టల్లో మూడో ఏడాది చదివే అక్క ఒకరు నా బాధ విని, తన చేయి చాపి కఫ్ కట్టమన్నారు. "స్టెతస్కోపు పక్కన పెట్టు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి ఎక్కించు. నాడి ఏ అంకె దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకో. గాలంతా వదిలేసి కాసేపు ఆగు. ఈసారి ఆ అంకెకు 30 పైకి ఎక్కించి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించుతూ విను. మొదటి శబ్దం ఆ అంకె దగ్గర్లోనే రావాలి. చెవి మీద అనుమానం వస్తే వేళ్లు సాక్ష్యం చెబుతాయి" అన్నారు. పుస్తకంలో ఉన్న పద్ధతే ఇది. పని ఒత్తిడిలో చాలామంది మొదటి సగం వదిలేస్తారు. నాకు అదే ఊతకర్ర అయింది. సాయంత్రాలు మా గదిలో వాళ్లందరి చేతులకూ కఫ్ కట్టి చూసేదాన్ని.

ఆ తర్వాత సిస్టర్ దగ్గర నేను మాట్లాడే తీరే మారింది. "సరిగా వినపడలేదు సిస్టర్" అని నసిగే బదులు, "నాడి 150 దగ్గర ఆగింది, శబ్దం కూడా అక్కడే మొదలైంది. ఒకసారి మీరూ చూస్తారా?" అనేదాన్ని. అలా అడిగితే ఎవరూ విసుక్కోలేదు.

సిగ్గు సంగతి వేరు. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన ఒక హమాలీకి బెడ్ బాత్ ఇవ్వమన్నారు. మా నాన్న వయసు మనిషి. ల్యాబ్‌లో బొమ్మకు చేయడం వేరు, ఆయన చొక్కా గుండీలు విప్పడం వేరు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. అంతలో చూస్తే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. మిర్చి బస్తాలు మోసిన మనిషి, కూతురి వయసు పిల్ల చేత ఒళ్లు తుడిపించుకోవలసి వచ్చిందని కుమిలిపోతున్నారు. ఆయన అవస్థ ముందు నాది ఏపాటిది?

తెర లాగాను. దుప్పటి కప్పి, ఏ భాగం తుడుస్తున్నానో అంతవరకే తొలగించాను. "బాబాయ్, నీళ్ల వేడి సరిపోయిందా? ఇప్పుడు ఈ చేయి తుడుస్తాను" అని ప్రతి పనీ ముందుగా చెబుతూ, మణికట్టు నుంచి భుజం వైపు తుడుచుకుంటూ వెళ్లాను. కాళ్లు, వీపు అయ్యాక నీళ్లు మార్చి, తడిగుడ్డను పనిచేసే ఎడమ చేతికిచ్చి, "మిగతాది మీరే తుడుచుకోండి బాబాయ్, నేను ఇటు తిరుగుతాను" అన్నాను. అప్పుడు కళ్లు తెరిచారు. మాట ముద్దగా వస్తున్నా, మాది ఏ ఊరని అడిగారు. చెబితే, ఆ దారిన లారీ మీద చాలాసార్లు వెళ్లానన్నారు. మంచం సర్దడం అయ్యేదాకా పల్నాడు పంటల గురించి మాట్లాడుకున్నాం. చేయి ఎప్పుడు వణకడం మానిందో నేను గమనించలేదు.

ఇప్పుడు నేనూ మూడో ఏడాదికి వచ్చాను. ఇంగ్లిషులో వైవా అంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి. ముందురోజు అద్దం ముందు కాకుండా స్నేహితురాలి ముందు నిలబడి, జవాబులు పైకి చెప్పుకుంటాను. త్వరలో లేబర్ రూమ్ పోస్టింగ్ ఉంది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన నిలబడి ఏ మాట చెప్పాలి, ఏది చెప్పకూడదు అని ఇప్పటినుంచే సీనియర్లను అడిగి రాసుకుంటున్నాను.