రిపోర్టులో ఎన్ఎస్1, సెమినార్‌లో ఎన్ఎస్5

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు. కాకతీయ యూనివర్సిటీలో సెమినార్‌కు నేను తీసుకున్న టాపిక్ డెంగీ వైరస్ ఎన్ఎస్5 ప్రొటీన్. ఇంకా తొమ్మిది రోజులుందనగా నయీంనగర్ రూంలో జ్వరం పట్టుకుంది. కళ్ల వెనక పోట్లు, నడుము విరిగినట్టు నొప్పి. మూడో రోజు రిపోర్టు చేతికొచ్చింది: ఎన్ఎస్1 పాజిటివ్, ఐజీజీ అనే యాంటీబాడీ కూడా పాజిటివ్.

"ఎన్నెస్ వన్నంటే ఏంది బిడ్డా?" అని ఫోన్‌లో అవ్వ. వైరస్ మన కణాలతో చేయించుకునే ప్రొటీనే, రక్తంలకు వదుల్తదే అన్నాను. పొద్దుగాల ములుగు బస్సు దిగింది, సంచినిండా బొప్పాయాకులతో.

నన్ను భయపెట్టింది మాత్రం ఐజీజీ. మొదట్లోనే అది కనిపించిందంటే డెంగీ ఇదివరకే ఒకసారి వచ్చి పోయి ఉండాలి. నాకా సంగతే తెలియదు. ఈ వైరస్‌లో 4 రకాలు. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీ ఇంకో రకాన్ని పట్టుకుంటుంది గానీ పని పట్టలేదు. దాని తోక దొరకబుచ్చుకుని మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే మన కాపలా కణాలు వైరస్‌ను మింగుతాయి. వైరస్‌కు కావలసిందీ అదే. లోపల తన జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏతో ఒకే పొడవాటి ప్రొటీన్ గొలుసు అల్లించుకుని, 10 ప్రొటీన్లుగా కోయించుకుంటుంది. వాటిలో ఎన్ఎస్5 చేసే పెద్ద పనుల్లో రెండు: ఆర్ఎన్ఏకు నకళ్లు తీయడం, మన కణంలోని స్టాట్2 అనే ప్రొటీన్‌ను మాయం చేయడం. వైరస్ వచ్చిందని కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్‌ను ఊళ్లో చాటింపు అనుకోండి. ఆ కబురును కేంద్రకం దాకా మోసేవాళ్లలో స్టాట్2 ముఖ్యుడు. ఎన్ఎస్5 అతణ్ణి పట్టుకుని, పాత ప్రొటీన్లను నలగ్గొట్టే ప్రోటియాసోమ్ మరలోకి తోయిస్తుంది. బయట డప్పు మోగుతూనే ఉంటుంది, ఇంట్లో ఎవరూ లేవరు.

ఐదో రోజు జ్వరం దిగింది. అవ్వ సంబరపడింది. డాక్టరేమో అసలు జాగ్రత్త ఇప్పుడేనని అడ్మిట్ చేశారు. ప్లేట్‌లెట్లు 48 వేలు. సెలైన్, పొద్దున సాయంత్రం రక్తపరీక్ష. ఆకు రసంతో లాభముందని నేననుకోలేదు. కానీ అవ్వ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే తాగక ఏం చేస్తాం!

సెమినార్‌ను వారం వెనక్కి జరిపారు. అంతా అయ్యాక సార్ ఒక్కటే అడిగారు: "మామూలు ల్యాబ్ ఎలుకల్లో డెంగీ ఎందుకు సరిగా పెరగదు?"

"ఎలుక స్టాట్2ను ఎన్ఎస్5 మాయం చేయలేదు సార్."

వెనక బెంచీ నుంచి ఎవడో అననే అన్నాడు: "అయితే ఎలుకవై పుడితే అయిపోయేది గదరా!"