ప్రింటర్స్ రోలో మా లాఫ్ట్
షికాగో డౌన్‌టౌన్‌లోని ప్రింటర్స్ రోలో, ఒకప్పుడు అచ్చుయంత్రాలు నడిచిన పాత భవనంలోని మా లాఫ్ట్‌ను, అంటే అలాంటి పని స్థలాన్ని ఇల్లుగా మార్చిన ఫ్లాట్‌ను, నిన్న అమ్మేశాము. ఆ యంత్రాల బరువును మోసిన దూలాలను, వెలుతురు ధారాళంగా వచ్చే పెద్ద కిటికీలను చూసి ఆనాడు ఇష్టపడి కొన్నాము. ఇటుక గోడల మరమ్మతుకు స్పెషల్ అసెస్‌మెంట్ (యజమానులు అదనంగా కట్టాల్సిన వాటా) పడినప్పుడు గానీ, ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్ పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వు నిధి ఎంత ఉందో కొనేముందే అడగాలని నాకు తెలియలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇలాంటి సొంత ఫ్లాట్ల భవనాలకు వర్తించే కాండోమినియం చట్టంలోని 22.1 సెక్షన్ ప్రకారం, కొనేవారు అడిగితే ఆ నిధి వివరాలను, రాబోయే పెద్ద ఖర్చులను అమ్మేవారు అసోసియేషన్ బోర్డు నుంచి తెప్పించి ఇవ్వాలి. ఈసారి అమ్మేది మేమే కాబట్టి, కొనడానికి వచ్చిన దంపతులు అడగకముందే ఆ కాగితాలు తెప్పించి, వారికి ప్రతి పేజీ చూపించాను. తాళంచెవులు ఇచ్చేముందు, అమ్మ ఆరు నెలలు తులసి కుండీ పెట్టుకున్న కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.