పద్దెనిమిదేళ్ల కారు

సిరిమానోత్సవానికి బ్రిటన్ నుంచి విజయనగరం వచ్చాను. మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే చిన్నాన్న అడిగారు: "అంత పెద్ద కారు ఎలా కొన్నావురా?" ధర చెప్పాను, 1,800 పౌండ్లు. ఆ డబ్బుకు ఇక్కడ మంచి మోటారు సైకిలు వస్తుంది. ఆయన నమ్మలేదు.

బ్రిటన్‌లో పాత విలాసవంతమైన కార్లను కొనడం తేలిక, పోషించడమే కష్టం. మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష, అంటే బండి రోడ్డెక్కడానికి తగినదేనా అని చూసే తనిఖీ, తప్పనిసరి. ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే పాత పరీక్షల ఫలితాలు ఉచితంగా కనిపిస్తాయి. అవన్నీ చదివాకే కొన్నాను. అయినా ఒకటి తెలియలేదు. 2014 నుంచి అమ్మినవారు కట్టిన రోడ్డు పన్ను కొన్నవారికి బదిలీ కాదు. మళ్లీ కట్టాకే బండి కదలాలి. మన లైసెన్సుతో అక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు నడపవచ్చు గానీ, బీమాకే కారు ధరలో సగం పోయింది.

జనవరిలో ఒక ఉదయం చూస్తే కారు ముందు ఎడమ పక్కకు ఒరిగి ఉంది. సస్పెన్షన్‌లో కారును ఎత్తి పట్టే గాలి సంచి రబ్బరు మడతలో గోటి గీతంత పగులు. అంతే, 420 పౌండ్లు!

అయినా అమ్మను. నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. మొన్న వేసవిలో అక్కడికి వచ్చి, ఆ తోలు సీటులో కూర్చుని, తలుపు మెల్లగా వేశారు. మళ్లీ తెరిచి మళ్లీ వేశారు, ఆ చప్పుడు వినడానికే. "నా బస్సు స్టీరింగు ఇంత తేలిగ్గా తిరిగి ఉంటే నా భుజాలు బాగుండేవి" అన్నారు.

మార్చిలో ఎంఓటీ. ఈలోగా బ్రేకు డిస్కులు మార్పించాలి.